పచ్చదారం బాతుల కార్జం

కలిబావుక్ పోలీసు ఠాణా, జావా ఉత్తర తీరం. 2024 మార్చి 1, శుక్రవారం. ఉదయం 9:10 గంటలకు దర్యాప్తు అధికారి ఎదుట చెప్పినది.

నా పేరు వస్రియా. వయసు నలభై తొమ్మిది. కలిబావుక్ ఊళ్ళో మూడో వార్డులో ఉంటాను. గృహిణిని. నెలకోసారి మా వార్డులో పసిపిల్లల బరువులు తూచి రాసే పని పదహారేళ్ళుగా చేస్తున్నాను. భర్త పేరు తార్జోనో, వయసు యాభై మూడు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే బట్టీలో పని.

నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేను వచ్చాను. పశువైద్య కళాశాలలో పనిచేసే డాక్టర్ నింగ్రుమ్ బాతుల పరీక్షలో దొంగ అంకెలు వేసిందని కేసు పెట్టారు. ఆవిడ వేయలేదు. ఆ అంకెలు తప్పు కావడానికి కారణం నేను. రెండో సంగతి, నా భర్త వైద్యసెలవు ఆదివారంతో అయిపోతుంది. సోమవారం మళ్ళీ బట్టీకి వెళ్తానంటున్నాడు. ఆ అంకెలు నమ్మే వెళ్తానంటున్నాడు. అందుకని సోమవారంలోపు చెప్పాలని వచ్చాను.

డాక్టర్ నింగ్రుమ్ మా ఇంటికి మొదట వచ్చింది 2022 డిసెంబరులో. మా పెరటి వెనక వరిమడి, ఆ మడికి అవతల బట్టీ బూడిద పోసే గుట్ట. మా బాతులు ఆ మడిలోనే మేస్తాయి. ఆవిడకు అలాంటి చోటే కావాలి. పిల్లల బరువుల పుస్తకం చూసి, నన్ను మర్యాదగా బు అని పిలుస్తూ, "ఇంత శుభ్రంగా రాసేవాళ్ళు మా కాలేజీలో కూడా లేరు బు వస్రియా" అంది. అలా ఒప్పుకున్నాను.

2023 జనవరి 9న పరీక్ష మొదలైంది. బాతులు ఇరవై నాలుగు. అన్నీ ఒకే ఈడువి. రెండు గూళ్ళు. ఒక గూటి బాతులకు కాలికి పచ్చదారం, రెండో గూటివాటికి తెల్లదారం. రెండు గూళ్ళవీ అదే మడిలో మేశాయి, అదే కాలువ నీళ్ళు తాగాయి. పచ్చదారం వాటికి మాత్రం తవుడులో ఎండు మునగాకు పొడి కలిపి పెట్టాను. ఒక్కో బాతుకి రోజుకి మూడు గ్రాములు. చిన్న కాటా డాక్టరే ఇచ్చింది. అరవై రోజులు పెట్టాను. ఒక్కరోజూ తప్పలేదు. పచ్చదారం ఏడో బాతు కుంటిది, మిగతావి దాన్ని తోసేసేవి. దానికి విడిగా చిప్పలో పెట్టేదాన్ని.

మునగాకు ఎందుకని అడిగితే డాక్టర్ ఇలా చెప్పింది: "సీసం ఒంట్లోకి వెళ్తే కాలేయం లోపల్నించి తుప్పు పడుతుంది బు. మునగాకులో ఉండేది ఆ తుప్పుని తన మీద వేసుకుంటుంది. కాలేయానికి బదులు అది పాడవుతుంది."

"సీసం బయటికి పోతుందా?" అని అడిగాను.

"కొంత పోవచ్చేమో. నాకూ తెలీదు. తెలుసుకోడానికే ఈ బాతులు."

ఆవిడ ఎప్పుడూ కచ్చితంగా పోతుందని అనలేదు. ఇది రాసుకోమని అధికారిని కోరాను.

బాతుల ఒంట్లో సీసం ఉండొచ్చన్న మాట ఊళ్ళో అనవద్దని డాక్టర్ ముందే చెప్పింది. ఫలితం రాకుండా అంటే బట్టీ యజమాని పరీక్ష ఆపించేస్తాడని భయం. నేను అనలేదు. మా పక్కింటి ఖునైనా వదినతో కూడా అనలేదు. ఆవిడ మాత్రం రోజూ గోడ మీంచి చూసి నవ్వేది. మా వైపు శవానికి స్నానం చేయించే నీళ్ళలో మునగాకు వేస్తారు. "ఏం వస్రియా, బాతులు చావకముందే స్నానం చేయిస్తున్నావా?" అనేది.

బాతుల్ని కోయాల్సిన రోజు 2023 మార్చి 9, గురువారం. ప్రయోగశాలలో యంత్రం ఆ వారమే ఖాళీగా ఉందని డాక్టర్ ఆ రోజు పెట్టింది. అది రూవా నెల. ఉపవాసాల ముందు నెల కాబట్టి ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ళ పేరున అన్నదానం జరుగుతూ ఉంటుంది. ఆ భోజనంలో కార్జం, బంగాళాదుంపల కూర లేకపోతే అది భోజనమే కాదు. ఆ నెలలో కోయిద్దామని డాక్టర్ అన్నప్పుడే నేను ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ఏర్పాటు ఇది. ముందు పచ్చదారంవి పన్నెండు, తరవాత తెల్లదారంవి పన్నెండు కోయాలి. కార్జాలు తీసి, తూచి, అంకె రాసి ఉన్న గాజు డబ్బాల్లో వేసి ఐసులో పెట్టాలి. మూత్రపిండాలు మాత్రం డాక్టరే తీస్తుంది. బాతు మూత్రపిండాలు వెన్నెముకకి లోపల అతుక్కుని ఉంటాయి. వంటలో వాటిని ఎవరూ విడిగా తీయరు. మాంసం సున్నం చల్లి పాతిపెట్టాలి. గొయ్యి ముందురోజు నా భర్త తవ్వాడు.

ఉదయం 7:00కి మోదిన్, అంటే మా ఊరి మసీదు పనులు చూసే పెద్దాయన, వచ్చి పచ్చదారంవి పన్నెండు కోశాడు. 7:30కల్లా ఖునైనా వదిన, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కత్తులు, పీటలు పట్టుకుని వచ్చారు. నేను పిలవలేదు. మా ఊళ్ళో పిలవరు. ఈకల వాసన వస్తే వస్తారు. పీకడం మొదలుపెట్టారు. డాక్టర్ 8:15కి ఫోను చేసింది, రైలు గేటు దగ్గర ఇరుక్కుపోయానని, కార్జాలు తీసి ఐసులో పెట్టమని. ఐసు ఇంకా రాలేదు. ఐసు లేకుండా తీయకూడదు. 8:40కి నేనే సైకిలు తీసుకుని చేపల వేలం దగ్గరికి వెళ్ళాను.

వెళ్ళేముందు అందరితో అన్నాను: "ఇంక చాలమ్మా, ఆగండి. నేనొచ్చాక చూసుకుంటాను."

ఇక్కడ జరిగింది అధికారికి వివరంగా చెప్పాను, ఆయన వేరే జిల్లావారు కాబట్టి. మా ఊళ్ళో సాయానికి వచ్చినవాళ్ళతో ఇంక చాలు ఆగండి అనడం ఇంటివాళ్ళ మర్యాద. అలా అన్నాక ఆగకుండా పని పూర్తిచేయడం వచ్చినవాళ్ళ మర్యాద. నేను ఆగమని నిజంగా ఆగమనే అన్నాను. వాళ్ళు విన్నది మర్యాద. ఖునైనా వదిన తప్పేమీ లేదు.

9:25కి తిరిగొచ్చాను. ఐసు బాగానే ఉంది, పెద్ద పలక, సంచిలో చుట్టి తెచ్చాను. వంటింట్లో మూకుడు పొయ్యి మీద ఉంది. పన్నెండు కార్జాలు, పన్నెండు కందనకాయలు చిన్న ముక్కలుగా కోసి బంగాళాదుంపలతో కలిపి కొబ్బరిపాలలో వేశారు. బాతులు కడుపు కోసి, కడిగి, వరసగా చేటలో పెట్టి ఉన్నాయి. కాళ్ళకి పచ్చదారాలు అలాగే ఉన్నాయి.

"ఐసెందుకే? కార్జం వేడివేడిగా తినాలి గాని!" అంది ఖునైనా వదిన.

"అన్నీ వేసేశారా?" అని అడిగాను.

"అన్నీ అంటే? రెండు దాచిపెట్టుకుని తింటావా ఏంటి? చూడండమ్మా ఈవిడ పిసినారితనం. పెరట్లో గొయ్యి కూడా తవ్వించింది. బిస్మిల్లా అని కోసినదాన్ని రూవా నెలలో పాతిపెడతావటే? మా అత్తగారు బతికుంటే నిన్నే పాతిపెట్టేది."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఐసు బాగానే ఉంది.

అప్పుడు నేను చెప్పొచ్చు. ఇది పరీక్షకి పెట్టిన కార్జం, ఇందులో సీసం ఉండొచ్చు, మూకుడు దించండి అని అనొచ్చు. ఎందుకు అనలేదని అధికారి అడిగారు. పొద్దున్నే వచ్చి నా పని చేసినవాళ్ళని, చేతులు ఈకలతో ఉండగా, నిలబెట్టి తప్పు చేశారనడం నావల్ల కాలేదు. దానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఈ ఏడాదంతా వెతికాను.

9:35కి మళ్ళీ సైకిలు తీశాను. ఆ రోజు వాగె, అయిదు రోజుల సంతవారంలో మా ఊరి సంత రోజు. మా అక్క తోయీబా కొండ మీద సిలంగిత్ ఊరినించి బాతులు తెచ్చి సంతలో కోసి అమ్ముతుంది. 9:42కి ఆమె దుకాణం దగ్గర ఉన్నాను. పళ్ళెంలో కార్జాలు పదిహేనున్నాయి. పన్నెండు అడిగాను.

"ఇన్నెవరికే?"

"పరీక్షకి."

"నా బాతులకి పరీక్షా! పాసవుతాయిలే. కొండ వాగు నీళ్ళు తాగి పెరిగినవి" అంది, ఆకులో చుట్టి ఇచ్చింది.

సిలంగిత్‌లో బట్టీలు లేవు.

9:55కి ఇంట్లో ఉన్నాను. ఒక్కోటీ తూచి డబ్బాల్లో వేశాను. డబ్బాల మీద డాక్టర్ ముందే అంకెలు రాసి పెట్టింది. పుస్తకంలో బరువులు ఉన్నవి ఉన్నట్టే రాశాను. నలభై ఒకటో పేజీ. పన్నెండు బరువుల పక్కనా పెన్సిలుతో సిలంగిత్‌కి గుర్తుగా 'సి' అని పొడి అక్షరం ఒకటి పెట్టాను. నా పుస్తకంలో అబద్ధం రాయలేదు. అడగనిది చెప్పలేదు, అంతే. ఆ పుస్తకం ఈ రోజు అప్పగించాను.

10:20కి డాక్టర్ వచ్చింది. డబ్బాలు చూసి, "మీరు లేకపోతే ఏమయ్యేదో బు" అంది. పచ్చదారం బాతుల మూత్రపిండాలు తీసింది. 10:45కి మోదిన్ మళ్ళీ వచ్చి తెల్లదారంవి కోశాడు. వాటి కార్జాలు, మూత్రపిండాలు ఆవిడే తన చేత్తో తీసుకుంది. అంటే నలభై ఎనిమిది డబ్బాల్లో ముప్పై ఆరు నిజమైనవి. పన్నెండు కావు.

12:15కి భోజనం. నా భర్త బట్టీ నించి వచ్చాడు. డాక్టర్ కూడా కూచుంది. కార్జం కూర వడ్డిస్తుంటే నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, "ఇవి మన బాతులవి కాదు కదా?"

"కాదు. మా అక్కవి. కొండ బాతులు" అన్నాను.

ఖునైనా వదిన పక్కనే కొబ్బరి కోరుతోంది. తల ఎత్తలేదు. విన్నదో లేదో నాకు తెలియదు. డాక్టర్ నాలుగు ముక్కలు తింది. నా భర్త రెండుసార్లు వేయించుకున్నాడు. ఖునైనా వదిన, మిగతా నలుగురు కూడా తిన్నారు. నేను తినలేదు. మధ్యాహ్నం డాక్టర్ దగ్గరుండి మాంసం పాతించింది.

జూలై 11న ఆవిడ కాగితం పట్టుకుని వచ్చింది. చెప్పులు విప్పకుండానే గడప దాటింది. అంతకుముందెప్పుడూ అలా చేయలేదు. కార్జంలో సీసం, తెల్లదారం వాటికి కిలోకి నాలుగున్నర మిల్లీగ్రాములు, పచ్చదారం వాటికి అర. మూత్రపిండాల్లో తెల్లదారం వాటికి ఆరు, పచ్చదారం వాటికి ఐదు. "కార్జంలో తొమ్మిదో వంతు బు! మూత్రపిండాల్లో మాత్రం పెద్ద తేడా లేదు. ఎందుకో అర్థం కావట్లేదు. మునగాకు కార్జాన్నే ముందు కాపాడుతుందేమో" అంది. ఎందుకో నాకు తెలుసు. నేను టీ పెట్టాను.

ఆ నెలలోనే నా భర్త బట్టీ మానేయాల్సింది. ఉప్పుమళ్ళ కాలం జూలైలో మొదలవుతుంది, వాళ్ళ తమ్ముడి మడిలో పనికి వస్తానని మాట ఇచ్చాడు. నాకు ఇచ్చాడు, తమ్ముడికీ ఇచ్చాడు. పన్నెండో తేదీ పొద్దున్న అడిగితే, "ఎందుకు బునే? నీ మునగాకు ఉండగా ఉప్పులో కాళ్ళెందుకు పగలగొట్టుకోవడం?" అన్నాడు. ఇంట్లో నన్ను బునే అంటాడు, నేను పాక్‌నే అంటాను.

ఆగస్టులో పట్నం వ్యాపారి ఒకడు మునగాకు మాత్రలు తెచ్చాడు. డబ్బా మీద బాతు బొమ్మ, కలిబావుక్ పరీక్షలో రుజువైందని అక్షరాలు. డాక్టర్ వద్దని అతనికి ఉత్తరం రాసింది, దాని నకలు నాకు చూపించింది. బట్టీ యజమాని పదిహేను రోజులకో డబ్బా చొప్పున పన్నెండుమంది పనివాళ్ళకీ పంచాడు. సెప్టెంబరు నించి ముక్కు గుడ్డలు ఇవ్వడం మానేశారు. ఖునైనా వదిన మొగుడు కూడా ఆ పన్నెండుమందిలో ఒకడు. ఒకరోజు ఆవిడ గోడ మీంచి, "నీ బాతుల పుణ్యమే వస్రియా, మా ఆయన దగ్గు తగ్గింది" అంది. తగ్గలేదు. గోడ ఇవతలికి నాకు వినిపిస్తూనే ఉంది.

డిసెంబరులో నా భర్త కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం చూశాను. జనవరి 6న చొక్కా గుండీలు నన్ను పెట్టమన్నాడు. 20న కుడి మణికట్టు వాలిపోయింది. చెయ్యి చాపితే వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి, పైకి లేవవు. జిల్లా ఆసుపత్రిలో రక్తం తీశారు. సీసం డెబ్బై ఒకటి. ఐదు దాటితేనే ఆరా తీయాలని అక్కడి వైద్యురాలు చెప్పింది. ఆరు వారాలు సెలవు రాసింది. "మళ్ళీ బట్టీ దగ్గరికి వెళ్ళకండి పాక్" అని మర్యాదగా చెప్పింది. నా భర్త ఆవిడతో, "మందేసుకుంటున్నానమ్మా, రోజుకి రెండు. ఇక నాలుగు వేసుకుంటాను" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు.

ఫిబ్రవరి 26న డాక్టర్ నింగ్రుమ్ వచ్చింది. ఇంకో కళాశాలవాళ్ళు కార్జం అంకెలకీ మూత్రపిండాల అంకెలకీ పొంతన లేదని పట్టుకున్నారట. ఆవిడని పనిలోంచి ఆపేసి, కేసు పెట్టారు. గుమ్మంలోనే నిలబడి, "మీ పుస్తకంలో ఏమైనా తప్పు రాశారా బు?" అని అడిగింది. "లేదు" అన్నాను. అది నిజమే. ఆవిడ నమ్మింది. నమ్మి క్షమాపణ చెప్పి వెళ్ళింది. ఆ తరవాత మూడు రోజులు నేను ఏ పుస్తకంలోనూ ఏమీ రాయలేదు.

ఇంతవరకూ రాశాక, ఈ సంగతి మీ భర్తకి తెలుసా అని అధికారి అడిగారు. తెలియదన్నాను. డాక్టరమ్మ విషయంలో సాక్ష్యమని మాత్రం చెప్పి తోడు తీసుకొచ్చాను. సంతకం పెట్టేముందు అతనికి చెప్పడానికి సమయం అడిగాను. ఒప్పుకున్నారు. 11:05కి బయటికి వెళ్ళాను. సైకిళ్ళ షెడ్డులో మా సైకిలు పక్కనే కూచుని ఉన్నాడు. అక్కడ జరిగిన మాటలు కూడా రాయమన్నారు కాబట్టి చెబుతున్నాను.

మొదటినించి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఆపలేదు.

"ఆ రోజు నేనెన్నిసార్లు వేయించుకున్నాను?" అన్నాడు.

"రెండుసార్లు."

"బాగుంది ఆ కూర. బంగాళాదుంపలు కాస్త ఎక్కువయ్యాయి." తరవాత, "డాక్టరమ్మ కూడా తింది కదా?"

"నాలుగు ముక్కలు."

"అయితే ఆ డబ్బాల్లో తోయీబా బాతులు. మునగాకు తిన్నవేమో మా కడుపులో." నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. "మరి అసలు లెక్కెంత? మునగాకు పనిచేస్తుందా, చెయ్యదా?"

"కార్జానిది ఎవరికీ తెలీదు పాక్‌నే. అందరూ తినేశారు. మూత్రపిండాలది నిజం. ఆరుండాల్సింది ఐదుంది."

"ఆరుకి ఐదు."

"ఏమీ లేదని కాదు. కానీ బట్టీ ముందు నిలబడేంత కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"జూలై నించి, ఎనిమిది నెలలా?"

"ఎనిమిది నెలలూ."

కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఉన్నాడు. నా వైపు చూడలేదు. "నేను వెళ్ళనులే. ఈ చేతిలో ఎలాగూ బట్టీ గరిటె నిలవదు. నా సంగతి కాదు. ఆ పదకొండుమందికి ఎవరు చెబుతారు? నేను చెబితే సెలవులో ఉండి మతిపోయిందంటారు. ఖునైనా మొగుడైతే కొట్టడానికొస్తాడు" అన్నాడు.

"నేను చెబుతాను."

"నువ్వు చెబితే వింటారా? ఇప్పుడు నీ మాట ఎవరు నమ్ముతారు బునే?"

11:30కి లోపలికి వచ్చాను.

డాక్టర్ నింగ్రుమ్ ఏ అంకే మార్చలేదు. పచ్చదారం డబ్బాలు పన్నెండూ మార్చింది నేనే, ఎవరూ చెప్పకుండా, ఒక్కదాన్నే. మా అక్కకి తెలియదు. ఖునైనా వదినకి, మిగతా నలుగురికి తెలియదు. నా మీద ఏ కేసు పెట్టినా ఒప్పుకుంటాను.

ఒక్క మనవి. ఈ వాంగ్మూలం నకలు ఒకటి, ఠాణా ముద్ర వేసి, సోమవారం ఉదయం 6:30 లోపు నాకు ఇప్పించాలి. 7:00కి బట్టీ వెలిగిస్తారు. వెలిగించకముందు పన్నెండుమంది పనివాళ్ళ ఇళ్ళవాళ్ళనీ పిలిచి అక్కడ నిలబడి దీన్ని చదువుతాను. నా నోటిమాటగా కాదు, రాసినదాన్ని రాసినట్టు. ఖునైనా వదిన ముందు వరసలో ఉంటుంది. తిన్నవాళ్ళ పేర్లు కూడా చదువుతాను.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. సంత రోజు వాగె బదులు పోన్ అని వేరే రోజు పేరు పడినచోట దిద్దించాను. మిగతాది నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, నాకు తెలిసినంతవరకు నిజం, ఇందులో నేను దాచింది ఇంకేమీ లేదు.

(సంతకం) వస్రియా
సమయం 11:50

సాక్షి: తార్జోనో, ఎడమచేతి బొటనవేలి ముద్ర. కుడిచెయ్యి లేవనందున.